వదిన కాన్వాసు పట్టీ

నా మేనకోడలు చొక్కా పైకెత్తగానే నా చేతిలోని టేపు జారి కిందపడింది.

స్కూలు బ్యాండుకి కొత్త కోటు కుట్టాలి, కొలతలు తియ్యి అని వదిన నాకు పని అప్పగించి తను మిషను ముందు కూర్చుంది. పిల్లేమో ఎన్నడూ లేనిది, చొక్కా మీద నుంచే తియ్యమని ఒకటే గొడవ. "కోటు కొలత అలా తీస్తే మీ అత్త పరువు గంగలో కలుస్తుందే" అని నవ్వుతూ దాన్ని దుకాణం వెనక తెర చాటుకి లాక్కెళ్లాను. ఇప్పుడు ఆ నవ్వు ఎటు పోయిందో తెలీదు.

నడుము చుట్టూ, పక్కటెముకల దాకా, మందపాటి కాన్వాసు పట్టీ. కోట్ల రొమ్ము నిటారుగా నిలబడటానికి లోపల వేస్తామే, ఆ మొండి గుడ్డ. మా దుకాణం ముక్కే. వెనక వరసగా కొక్కేలు. పట్టీ అంచుల దగ్గర చర్మం ఒరుసుకుపోయి ఎర్రగా ఉంది. పాత గాట్లు నల్లగా మచ్చలు కట్టాయి.

"ఏంటే ఇది?" అన్నాను.

"ఏం లేదత్తా. పొట్ట లోపలికుంటుంది."

"అసలు ఊపిరాడుతోందా?"

"అలవాటైపోయింది."

పదో తరగతి కూడా కాలేదు దానికి. అలవాటైపోయిందట.

అప్పుడు వెలిగింది నాకు. పిల్ల స్కూలు బ్యాండులో ట్రంపెట్ ఊదుతుంది. మొదలుపెడితే వీధి చివరి దాకా వినపడేది. అలాంటిది కొన్నాళ్లుగా పాట మధ్యలో ఆగిపోతోందని, దమ్ము నిలవట్లేదని, ఇలాగే ఉంటే ట్రంపెట్ ఇంకొకరికిచ్చేస్తానని బ్యాండు మాస్టారు కబురు పెట్టాడు. మేం కంగారుపడి డాక్టరుకి చూపించాం. ఆయన ఛాతీ విని, ఏ లోపమూ లేదన్నాడు. ఎందుకుంటుంది? ఆరోజు మాత్రం పట్టీ ఇంట్లో విప్పేసి వచ్చిందట మహాతల్లి. మేమేమో టానిక్కులు తాగించి ఆవిరి పట్టించాం.

"ఎవరు నేర్పారే నీకీ పాడు తెలివి?" అని కసిరాను.

అది నా వంక వింతగా చూసింది. "అమ్మ కట్టుకుంటుందిగా, రోజూ."

నేను తెర సందులోంచి మిషను వైపు చూశాను.

వదిన మా ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచీ మేమిద్దరం ఈ దుకాణంలోనే పనిచేస్తున్నాం. ఆవిడ మిషను మీద, నేను గుండీలూ కాజాలూ. ఒకే డబ్బాలో తింటాం. ఆవిడకి ఏ పక్క పన్ను నొప్పో, మా అన్నయ్య మీద కోపమొస్తే ఏ గిన్నె ఎత్తిపడేస్తుందో నాకు తెలుసు. ఆడపడుచునన్న మాటే గానీ, ఆవిడ కడుపులో మాట నాకు తెలియనిది లేదని ఊరంతా డప్పు కొట్టుకునేదాన్ని. ఆ కడుపు మీద ఏముందో మాత్రం తెలీలేదు.

వదిన లావు మనిషి. ఆ లావుని వదులు గౌనుల్లో దాచేస్తుంది. బూడిద రంగు, లేదా అంతకంటే బూడిద రంగు. "మళ్లీ సంచి కుట్టుకున్నావా వదినా?" అని నేను ఆట పట్టిస్తే, "నాకెందుకమ్మా సోకులు" అని కొట్టిపారేసేది. తనకి కొలతలు తీయనిచ్చేది కాదు. పాత గౌను పరిచి, దానికి ఇంకాస్త వదులు కలిపి కత్తిరించుకునేది. కుట్టించుకోవటానికి వచ్చేవాళ్ల దగ్గర మాత్రం వేరే మనిషి. మా దుకాణంలో కొలత తీసేవాళ్లు అంకె గట్టిగా చెప్పాలి, బయట బల్ల దగ్గర కటింగ్ మాస్టారు సుద్దతో రాసుకుంటాడు. ఎవరైనా సిగ్గుపడి "మెల్లిగా చెప్పండి" అంటే వదిన ఊరుకోదు. "మీ అంకె మీకు శత్రువా ఏంటండీ? అది బట్టకి కావాలి" అంటుంది. కుట్టాక తొడిగి, అద్దం ముందు నిలబెట్టి, భుజం సర్ది, "ఊపిరి పీల్చి చూడండి, ఎక్కడైనా పట్టిందా?" అని అడక్కుండా ఏ ఒక్కర్నీ పంపదు.

అందర్లోకీ బ్యాంకు మేడమ్ అంటే ఆవిడకి ప్రాణం. మేడమ్‌ది భారీ విగ్రహం. ముదురు ఎరుపు, ఆకుపచ్చ తప్ప వేరే రంగు ముట్టుకోదు, గుమ్మంలో అడుగుపెడితే దుకాణం నిండినట్టుంటుంది. ఆవిడ వెళ్లాక వదిన చాలాసేపు ఆ గుమ్మం వైపే చూసేది. "ఎంత నిండుగా ఉంటుందో కదా అమ్మాయ్. ఏది వేసినా ఆవిడ కోసమే నేసినట్టుంటుంది" అనేది. అలాంటి వదిన పొద్దున్నే తలుపేసుకుని తన ఒంటిని మూట కట్టినట్టు బిగిస్తోందంటే నేనెలా నమ్మను?

పిల్లని తెర వెనకే ఉంచి, మిషను దగ్గరికెళ్లి చెవిలో చెప్పాను. దాని నడుము సంగతి చెప్పాను, అది అన్న మాట కూడా దాచకుండా చెప్పాను.

వదిన తలెత్తలేదు. తొక్కుతూనే ఉంది. గుడ్డ మిషను కిందనుంచి ముందుకి జరుగుతోంది, చక్రం తిరుగుతోంది. నేను వంగి చూస్తే సూదిలో దారం లేదు. తెగిపోయిన సంగతి కూడా ఆవిడ చూసుకోలేదు. గుడ్డ మీద ఉత్త చిల్లులు, వరసగా.

"వదినా" అన్నాను.

కాళ్లు ఆగిపోయాయి. "అది చూస్తోందని నాకు తెలీదు" అంది. "తలుపు వేసుకునే కట్టుకునేదాన్ని. నిజంగా వేసుకునేదాన్ని."

లేచి తెర వెనక్కి వెళ్లింది. వెనకే నేనూ వెళ్లాను. కూతురి నడుము చూసింది. తన చేతులు రెండూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత కొక్కేలు ఒక్కొక్కటే విప్పింది, నేనూ సాయం పట్టాను. ఆఖరి కొక్కెం ఊడగానే పిల్ల అంత పొడుగు గాలి పీల్చి దగ్గింది.

"నాకూ నీలాంటి గౌనే కుట్టమ్మా, కోటు వద్దు" అంది పిల్ల. "వదులుది. అందులో ఏమీ కనపడదు."

ఆ మాటకి వదిన ఏడవలేదు, అరవలేదు. మాస్టారి బల్ల మీది పెద్ద కత్తెర తెచ్చి, గౌను గుండీలు విప్పి, లోపలి తన పట్టీ ఊడదీసి, మా ముందే రెండూ కత్తిరించింది. కాన్వాసు అంత తేలిగ్గా తెగేది కాదు. పళ్లు బిగబట్టి కోసింది. అప్పుడు చూశాను ఆవిడ ఒంటి మీది గాట్లు. పిల్లవి మచ్చలైతే ఆవిడవి చాళ్లు.

"ఎందుకు వదినా?" అన్నాను.

"పిల్ల పుట్టాక అందరం ఫోటోకి నిలబడ్డాం, గుర్తుందా? ఫోటో తీసేవాడు, 'అమ్మా మీరు వెనక్కెళ్లండి, మీ వెనక ముగ్గురు కనపడట్లేదు' అన్నాడు. అందరూ నవ్వారు. అందరికంటే నేనే ఎక్కువ నవ్వాను."

అంతే. ఎవడో ముక్కూ మొహం తెలియని వాడి ఒక్క ముక్క. నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

ఆ సాయంత్రం ఇంట్లో తల్లీ కూతుళ్లు అద్దం ముందు ఎదురెదురుగా కూర్చుని ఒకరి నడుముకి ఒకరు మందు రాసుకున్నారు. మంటకి ఇద్దరూ ఒకేలా "స్స్" అన్నారు. స్నానం చేశాక తడి అద్దటం, మందు రాయటం, మెత్తటి బనీను వేసుకోవటం, ఇదే ఆ ఇంట్లో రోజువారీ పనైంది. ఒళ్లు దాగిందో లేదో చూసుకోవటానికే గానీ ఒంటిని చూసుకోవటానికి ఆ అద్దాన్ని అంతవరకూ ఎవరూ వాడలేదు.

గాట్లు మానాక ఒకరోజు దుకాణంలో తెర వెనక పిల్ల కోటు కొలతలు మళ్లీ తీశాం. అవగానే వదిన టేపు కూతురి చేతిలో పెట్టి, చేతులు చాపి నిలబడింది.

"ఇప్పుడు నాకు తియ్యి. గట్టిగా చెప్పు, మాస్టారికి వినపడాలి."

పిల్ల టేపు చుట్టి, రొమ్ము కొలత చెప్పింది, నడుము చెప్పింది, పిరుదులు చెప్పింది, ఒక్కో అంకెకీ గొంతు పెంచుతూ. వదిన కళ్లు గట్టిగా మూసుకుంది. బయట సుద్ద చప్పుడు ఆగిపోయింది.

"మళ్లీ చెప్పమ్మా" అన్నాడు మాస్టారు.

మళ్లీ చెప్పింది. ఆయన కుర్చీ జరిపిన శబ్దం వినపడింది. మేం తెర తీసి చూస్తే, గోడ మేకుకున్న, గుడ్డ కత్తిరించే కాగితపు నమూనా ఒకటి దించి బల్ల మీద పరుస్తున్నాడు. అంచులు నలిగి, చాలాసార్లు వాడిన నమూనా.

"మాస్టారూ, అది బ్యాంకు మేడమ్‌ది" అంది వదిన.

"తెలుసు. నీకు కొత్తది గీయక్కర్లేదు తల్లీ. భుజం దగ్గర ఒక్క గీత మారిస్తే చాలు. మిగతాదంతా ఇదే."

"సరిగ్గా చూడండి."

"నేను చూశాను. నువ్వు చూసుకో."

వదిన ఆ కాగితం అంచు వెంట వేలు పోనిచ్చింది. ఆ నడుము వంపు ఆవిడే ఎన్నోసార్లు కుట్టింది. ఆ మనిషినే గుమ్మం దాటేదాకా చూస్తూ నిలబడేది. బల్ల అంచు పట్టుకుని మెల్లగా కూర్చుంది.

కొత్త గౌనుకి ముదురు ఎరుపు గుడ్డ వదినే ఎంచుకుంది. ఈలోగా స్కూల్లో పిల్ల ట్రంపెట్ పిల్ల దగ్గరే ఉండిపోయింది. ఒక స్వరం పట్టి వదలకపోతే, "ఇక చాలు ఆపవే" అని బ్యాండు మాస్టారే చెప్పాల్సి వచ్చిందట.

గౌను పూర్తయిన రోజు వదిన అద్దం ముందు నిలబడింది. బూడిద రంగు లేని వదినని నేనెప్పుడూ చూడలేదు. కొత్త మనిషెవరో దుకాణంలోకి వచ్చినట్టు నోరు తెరుచుకుని చూశాను. లావు ఎక్కడికీ పోలేదు, అంతా అక్కడే ఉంది, నిండుగా. ఆవిడ చేతులు మాత్రం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పొట్టకి అడ్డం వచ్చాయి.

పిల్ల వెనక నిలబడి ఆ చేతులు పక్కకి తీసింది. భుజం మీద కుట్టు సర్దింది, అచ్చం వాళ్లమ్మ సర్దినట్టే.

"ఊపిరి పీల్చి చూడమ్మా. ఎక్కడైనా పట్టిందా?"

వదిన పీల్చింది. ఛాతీ లేచింది, పొట్ట లేచింది, ఎరుపు గుడ్డ దాంతో పాటే లేచింది. ఇంకా పీల్చింది. ఆ గాలి ఎక్కడిదాకా పోతుందో ఆవిడకే తెలియనట్టు, అద్దంలోకి బిత్తరపోయి చూస్తూ.

"ఎక్కడా పట్టలేదే" అంది.