ఒకటి మీద ఫ్యాన్

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక దయ్యం ఉండేది. ఎవరినీ పట్టలేదు, పీడించలేదు. మధ్యాహ్నం పూట ఫ్యాన్ వేసుకునేది, అంతే.

ఇల్లు మాదాపూర్‌లో. ఇప్పుడు అద్దాల ఆఫీసులు నిలబడ్డ చోట అప్పుడు బండరాళ్లు నిలబడి ఉండేవి. వాటికి ఏసీ అవసరం ఉండేది కాదు. మొత్తం ఇంటికి ఒకే సీలింగ్ ఫ్యాన్, అదీ మా తాత, నానమ్మ పడుకునే గదిలో. దాని రెగ్యులేటర్ గోడకు బిగించిన నల్లటి పెట్టె, ఒకటి నుంచి ఐదు దాకా తిప్పే బుర్రతో. వాళ్లిద్దరి కాపురంలో నేను చూసిన తగవంతా ఆ బుర్ర గురించే. తాతకు ఐదు కావాలి. నానమ్మకు గాలి తగిలితే కీళ్లు లాగేవి, ఆమెకు ఒకటి కావాలి. ఆయన తిప్పేవాడు, ఆమె వెనక్కి తిప్పేది.

నేను మూడో తరగతిలో ఉండగా నానమ్మ పోయింది. తాత ఏడవలేదు. తన మంచం వరండాలోకి మార్పించుకున్నాడు. గదికి గొళ్లెం పడింది. కొన్నాళ్లకు నాన్న ఆ గదిని బడికి కొత్తగా వచ్చిన సారుకు కిరాయికి ఇద్దామన్నాడు. తాత "మీ ఇష్టం" అన్నాడు. ఆ రోజుల్లో ఆయన దేనికైనా ఆ మాటే అనేవాడు.

ఆ వారంలోనే ఒకరోజు, ఇల్లంతా మధ్యాహ్నం నిద్ర లేచాక, అమ్మ నన్ను ఆ గదిలోంచి చింతపండు జాడీ తెమ్మంది. కిటికీలు మూసి ఉన్నాయి. లైటు స్విచ్చు కోసం గోడ తడుముతుంటే చెయ్యి రెగ్యులేటర్ మీద పడింది. జ్వరం వచ్చిన మనిషి నుదురులా వెచ్చగా ఉంది. ఫ్యాన్ ఆగి ఉంది. బుర్ర ఒకటి మీద ఉంది.

జాడీ లేకుండానే తిరిగొచ్చాను. మర్నాడు మళ్లీ వెళ్లి తాకాను. మళ్లీ వెచ్చగానే ఉంది. ఒకటి మీద ఫ్యాన్ వేసుకునే మనిషి మా ఇంట్లో ఒక్కతే ఉండేది, ఆమె లేదు. అమ్మకు చెబితే ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీసింది. మూడో రోజు కూడా పెట్టె వెచ్చగానే ఉంది. దిష్టి నాకు పోయిందేమో కానీ దానికి పోలేదు.

ఆదివారం మా మేనత్త వచ్చింది. పట్నంలో కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేది. గది చూడటానికి సారు కూడా ఆ రోజే వస్తానన్నాడు. అత్త నా గోల విని, దువ్వెన తీసుకుని, నన్ను ఆ గదిలోకే లాక్కెళ్లింది.

"దయ్యానికి గాలెందుకే? అది ఊపిరే తీసుకోదు గదా."

ఫ్యాన్ ఐదు మీద పెట్టి, నన్ను కింద కూర్చోబెట్టి ఒక జడ అల్లింది. అల్లడం అయ్యాక పెట్టె మీద నా చెయ్యి పెట్టించింది. చల్లగా ఉంది. తర్వాత ఒకటికి తిప్పి రెండో జడ మొదలుపెట్టింది. అది సగానికి వచ్చేసరికి పెట్టె వెచ్చబడింది.

"లోపల తీగచుట్ట ఉంటది. ఐదు మీద కరెంటు దాని జోలికి పోకుంట సీదా ఫ్యాన్‌కు పోతది. ఒకటి మీద ఆ చుట్టంత దాటుకుంట పోవాలె. చుట్ట అడ్డం పడుతది, ఫ్యాన్ మెల్లగైతది. అడ్డం పడ్డ కాడ వేడి పుడుతది. గంతే."

"మరి ఒకటి మీద పెట్టిందెవరత్తా? తాతయితే ఐదు పెడతడు గదా."

అత్త తలెత్తి మంచం వైపు చూసింది. నానమ్మ మంచం మీద, ఆమె తలగడ పక్కన, తాత కళ్లద్దాల డబ్బా ఉంది. అత్త లేచి వెళ్లి దాన్ని చేతిలోకి తీసుకుంది. నా జడ సగంలోనే ఉండిపోయింది.

అంతలో వరండాలో సారు గొంతు వినపడింది. తాత తన మంచం మీద కూర్చుని గేటు వైపు చూస్తున్నాడు. అత్త ఫ్యాన్ ఆపి, సారును లోపలికి తీసుకొచ్చింది.

"గది మంచిదే సార్. మా అమ్మ ఇంక ఖాళీ చెయ్యలె, గంతే."

"అమ్మగారు ఎక్కడున్నారండి?"

"పోయి మూడు నెలలాయె. పగటిపూట ఫ్యాన్ వేసుకుంటది. జర చెయ్యి పెట్టి చూడుండ్రి."

సారు పెట్టి చూశాడు. వెంటనే తీశాడు. గది బాగుంది కానీ బడికి కాస్త దూరమండి అన్నాడు. బడి మా గోడ అవతలే.

ఆయన వెళ్లాక నాన్న అత్త మీద మండిపడ్డాడు. "సైన్సు చెప్పేదానివి, గీ మాటలేంది?"

"నేను చెప్పినదాంట్ల అబద్ధమేమున్నదే అన్నా?" అంది అత్త.

అప్పుడు తాత లేచాడు. మా అందరి ముందు నుంచే నడుచుకుంటూ వెళ్లి, తలుపు వేసుకోకుండానే నానమ్మ మంచం మీద కూర్చుని గోడకు చెయ్యి చాచాడు. స్విచ్చు చప్పుడైంది. రెక్కలు లెక్కపెట్టగలిగేంత నెమ్మదిగా ఫ్యాన్ తిరగడం మొదలైంది. కిరాయి మాట మా ఇంట్లో మళ్లీ రాలేదు. అత్త నా సగం జడ పూర్తి చేసింది, నొప్పి పుట్టేంత బిగుతుగా.

అప్పటి నుంచి, పెద్ద కష్టం వచ్చినా నిమ్మళంగా ఉన్న మనిషిని చూస్తే, ఎక్కడ వేడెక్కుతున్నాడో తడిమి చూడాలనిపిస్తుంది నాకు. మర్యాద కాదు కాబట్టి మానుకుంటాను.

ఇప్పుడు మణికొండలో ఎనిమిదో అంతస్తులో ఉంటున్నాను. కొత్తరకం రెగ్యులేటర్లు వేడెక్కవు. మా ఆయన చనిపోయిన ఏడాది నేను ఎలక్ట్రీషియన్‌ను పిలిచి పాతరకం పెట్టె వెతికి బిగించమన్నాను. "ఊకెనే కరెంటు తింటది ఆంటీ," అన్నాడు. తిననీ అన్నాను. మా ఆయనకు ఫ్యాన్ ఒకటి మీదే ఉండాలి. నాది తాత పోలిక, ఐదు. బతికినన్నాళ్లూ పోట్లాడుకున్నాం. ఇప్పుడు అడ్డు చెప్పేవాళ్లు లేరు, ఇంట్లో నేనొక్కదాన్నే. అయినా సాయంత్రం లైటు వేయబోతూ గోడ మీద చెయ్యి పెడితే, ఆ పెట్టె వెచ్చగానే ఉంటుంది.