మొగిలన్న తట్టి చూసిన కాలు

నిన్న పొద్దున ఆరున్నరకు ఫోన్ మోగింది. స్క్రీన్ మీద మొగిలన్న పేరు. ఎత్తగానే "ఏందన్నా, ఇయ్యాల ఎన్ని కిలోమీటర్లు?" అని అడిగాను.

అటువైపు మొగిలన్న కాదు. ఆయన బిడ్డ స్వరూప.

"రజితక్కా... బాపు లేడక్కా."

నేనేమన్నానో గుర్తులేదు. మహబూబాబాద్‌లో మా అక్క వాళ్లింట్లో చాయ్ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. స్వరూప ఉండే జనగామకు దొరికిన మొదటి రైలెక్కాను.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. మొగిలన్న భూపాలపల్లి బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు పని చేసి రిటైరైన మనిషి. ఆయన తోటివాళ్లు రిటైరై మంచమెక్కితే, ఈయన రన్నింగ్ షూస్ కొనుక్కున్నాడు. కార్మికుల క్వార్టర్ల వెనక గ్రౌండ్‌లో పొద్దున్నే ఉరికేవాళ్లందరికీ ఆయనే పెద్ద దిక్కు.

ఉద్యోగం కోసం భూపాలపల్లిలో దిగిన నాకు ఆ ఊళ్లో మొదటి ఫ్రెండ్ అరవై దాటిన ఈ మనిషే.

"ఒక్కదానివే ఎందుకు తిరుగుతవ్ చెల్లె, మాతోని రా" అన్నాడు. అంతే.

ఇద్దరం హైదరాబాద్‌లో హాఫ్ మారథాన్‌కు పేర్లిచ్చాం. ఇరవై ఒక్క కిలోమీటర్లు. ఇద్దరికీ అదే మొదటిది.

నాకేమో తొందరెక్కువ. గ్రౌండ్‌లో మట్టి వదిలేసి, సిమెంట్ రోడ్డు మీద రోజూ దూరం పెంచుకుంటూ పోయాను. నెల తిరిగేసరికి మోకాళ్ల కింద, ముందు ఎముక పొడుగునా ఒకటే నొప్పి. మెట్లు దిగాలంటే ప్రాణం పోయేది. ఎవరికీ చెప్పకుండా టాబ్లెట్ వేసుకుని ఉరికేదాన్ని.

ఒకరోజు నేను మెట్లు పక్కకు తిరిగి దిగుతుంటే మొగిలన్న చూశాడు.

"కూసో" అన్నాడు. కాలు చాపించి, ముడిచిన వేలితో ఎముక మీద కింది నుంచి పైకి మెల్లగా తట్టుకుంటూ వచ్చాడు. చెవి కూడా దగ్గర పెట్టాడు! నాకు నవ్వాగలేదు. ఒక్క చోట తట్టేసరికి మాత్రం నవ్వు పోయి కేక వచ్చింది.

"బాయిల దిగినంక ముందుగాల కట్టెతోని బాయి పైకప్పు మీద కొట్టి ఇంటం చెల్లె. గట్టి కప్పు ఖంగుమంటది. బోలుగ పలికిందంటే ఆడ నిలబడొద్దు. కప్పు ముందే చెప్తది. ఇననోడే పోతడు."

ఆయనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఎక్స్‌రేలో పగులు లేదు. షిన్ స్ప్లింట్స్, అంటే అతిగా ఉరికితే ఈ ఎముక వెంట వచ్చే వాపు అన్నారు. ఉరకడం బంద్, ఐస్ పెట్టు, రెస్ట్ తీసుకో.

రేసుకు ఐదు వారాలే ఉన్నాయి. నేను వింటానా?

ఆ శనివారం మహబూబాబాద్‌లో, మా వాళ్లు మానుకోట అంటారు, అక్క వాళ్లింటికి పోయి, ఎవరికీ చెప్పకుండా ఎనిమిది కిలోమీటర్లు ఉరికాను. ఫోన్‌లో రన్నింగ్ యాప్ ఆన్‌లో ఉంది. అది మా గ్రూపులో అందరికీ చూపిస్తుందన్న సంగతే మర్చిపోయాను. దొంగతనం చేసి సంతకం పెట్టి వచ్చినట్టయింది.

సోమవారం గ్రౌండ్‌కు పోతే మొగిలన్న ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు.

"మానుకోట రోడ్డు మీద ఎవలో రజిత ఉరికిందట. నీకేమన్న ఎరుకేనా?"

అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. ఈ రేసు పోతే మళ్లీ ఎప్పటికీ ఉరకలేనేమోనని భయం. అదే చెప్పి ఏడ్చాను.

మర్నాడు ఆయన నా పేరుతో పాటు తన పేరు కూడా వచ్చే ఏడాదికి మార్పించుకున్నాడు.

నీకేమైందన్నా, నువ్వెందుకు ఆగడం అంటే, "కలిసి పోదామనుకున్నం గదా. నువ్వీడ కాలు పట్టుకొని కూసుంటే నేనొక్కన్ని పోయి ఏం జేస్త?"

ఆ వయసులో ఏడాది ఆగడం చిన్న మాట కాదు. అది నాకు అప్పుడు తెలియలేదు.

రోజూ కిరాణా షాపు ఫ్రిజ్‌లో నీళ్ల ప్యాకెట్లు గడ్డకట్టించి తెచ్చి, నా కాళ్లకు తువ్వాలతో కట్టేవాడు. "నల్లి బొక్క పైలం, మటన్ కొట్టోడు చూస్తుండు" అని నా కాలెముక మీద రోజూ అదే జోకు. నాతో పాటు గ్రౌండ్ మట్టిలో నడిచాడు, తర్వాత మెల్లగా ఉరికాడు. నేను నొప్పి దాచడం మానేదాకా వదల్లేదు.

మరుసటి ఏడు ఇద్దరం ఇరవై ఒక్కటీ పూర్తి చేశాం. నాకన్నా నాలుగు నిమిషాల ముందే చేరి, అరటిపండు ఒలిచి పట్టుకుని ఫినిష్ లైన్ దగ్గర నిలబడ్డాడు. ఆ ముఖం ఇప్పుడే చూసినట్టుంది.

ఈ మధ్యే బిడ్డ దగ్గరుంటానని జనగామ పోయాడు. అయినా ఫోన్ ఆపలేదు.

మూడు రోజుల కింద అన్నాడు. "ఛాతిల జర పట్టేసినట్టున్నది చెల్లె. గ్యాసే."

నేను నవ్వి, "మిర్చి బజ్జీలు తగ్గించన్నా" అన్నాను.

స్వరూపకూ అదే చెప్పాడట. గ్యాసే అని. రెండు రోజులు.

అందరి కాళ్లూ తట్టి విన్నావు. నీ ఛాతీ చెప్తుంటే ఎందుకు వినలేదన్నా? సరే, నువ్వు వినలేదు. నాకు చెప్పావు కదా. నేనెందుకు వినలేదు?

నిన్న జనగామలో నీ కాళ్లు మొక్కడానికి వంగాను. నా చెయ్యి దానంతట అదే పోయి, ముడిచిన వేలితో నీ కాలి ఎముక మీద మెల్లగా తట్టింది. చుట్టూ ఉన్నవాళ్లు ఏమనుకున్నారో తెలియదు. నువ్వు నేర్పినట్టే చెవి దగ్గర పెట్టి విన్నాను.

ఇక తొందరేం లేదు మొగిలన్నా. మట్టి దారి చూసుకుని నిమ్మళంగా పో. ఏ నొప్పీ దాచాల్సిన పని లేని చోట నీ ప్రాణం చల్లగా ఉండాలి.