గేటు పక్కన బాత్రూం

మాబు సాహెబ్ మీద నాకు ఇప్పటికీ కోపమే. మంచివాడు కాకపోతే ఇంత కోపం ఉండేది కాదు.

ఆయన గుంటూరు మిర్చి యార్డులో హమాలీ. వాళ్లూ మేమూ ఒకే ఇంట్లో పక్కపక్క వాటాల్లో అద్దెకుండేవాళ్లం. మధ్యలో ఒక్క గోడ. ఇవతల నా కుట్టుమిషను చప్పుడు, అవతల ఆయన భార్య సైదాబీ దగ్గు. యార్డు నుంచి ఆయన వస్తున్నాడంటే వీధి మలుపులోనే తెలిసిపోయేది. చొక్కాలో, తలగుడ్డలో, చెవుల్లో కూడా మిరపకాయ ఘాటే. స్నానాల గది ఇంటి వెనకాల ఉండేది. అక్కడికి పోవాలంటే గదిలోంచి నడిచి పోవాల్సిందే. నాకైతే నాలుగు తుమ్ములతో పోయేది. సైదాబీకి ఊపిరి ఆడేది కాదు. మంచం పట్టె పట్టుకుని వంగి కూర్చునేది. ఆసుపత్రిలో డాక్టరమ్మ పీల్చే మందు రాసిచ్చి, "ఆ దుమ్ము ఇంట్లోకి రానివ్వకండి" అని చెప్పి పంపింది. చెప్పడానికేం, ఎంతైనా చెప్పొచ్చు.

ఇంటి ఓనర్లు ఊరుకునేవాళ్లు కాదు. ఘాటనీ, దగ్గనీ ఏదో ఒకటి చెప్పి ఖాళీ చేయించేవాళ్లు. అందుకే వాళ్లకు సొంత ఇల్లు కావాల్సొచ్చింది. గొప్పకు కాదు.

నల్లపాడు వైపు శేషాచలం గారని, బడిపంతులుగా చేసి రిటైరైన ఆయన ఒంగోలుకు మారిపోతూ రెండు గదుల డాబా అమ్మకానికి పెట్టారు. ఆ ఇంటికి బాత్రూం గేటు పక్కనే, బయట ఉంది. చూడ్డానికి వచ్చినవాళ్లంతా "ఇదేంటండీ, ఎదురుగా పెట్టారు?" అని మొహం చిట్లించి పోయేవాళ్లట. ఆ రోజు సైదాబీకి తోడుగా నేనూ వెళ్లాను. ఆమె లోపలి గదులు సరిగ్గా చూడనే లేదు. బాత్రూం తలుపు తీసి, కుళాయి తిప్పి, నీళ్లు పడుతుంటే చెయ్యి పెట్టి నిలబడింది.

"ఈయన గేటు తీసుకుని వస్తాడా, ఇక్కడే స్నానం చేసి, ఆ బట్టలిక్కడే పడేసి, అప్పుడు లోపలికి వస్తాడు. ఇంకేం కావాలక్కా?" అంది నాతో.

శేషాచలం గారు పెద్దమనిషి. "బయానా లక్షన్నర ఇవ్వండి. మిగతాదానికి లోను తెచ్చుకుందురు గాని. దసరా దాకా ఎవరికీ మాటివ్వను" అన్నారు.

లక్షన్నర మాబు సాహెబ్ దగ్గర ఉంది. కాకపోతే అది నోట్లుగా లేదు, మిరపకాయలుగా ఉంది. ఆయన కూడబెట్టే పద్ధతే అది. కూలి డబ్బుల్లో మిగిల్చి, కొత్త కాయ దిగి ధర తక్కువున్న రోజుల్లో తేజ రకం బస్తా కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టేవాడు. ధర పెరిగాక అమ్మేవాడు, మళ్లీ సీజనుకి ఇంకో రెండు బస్తాలు కలిపి కొనేవాడు. బ్యాంకులో వేసుకోవచ్చుగా అంటే, "బ్యాంకులో ఉంటే చెయ్యి ఊరుకోదక్కా. మిరపకాయలైతే ఆకలేసినా తినలేం" అని నవ్వేవాడు. ఒక్క బస్తాతో మొదలై అది ఏళ్ల మీద చిన్న గుట్టయింది.

అంతకు ముందటేడు ఆయన క్వింటాలు పదిహేడు వేలకు అమ్మేశాడు. వారం తిరక్కుండా ధర ఇరవై దాటింది. ముఠా మేస్త్రి ఎలీషా ఆయనకు 'తొందర సాహెబ్' అని పేరు పెట్టాడు. ఇక టీ కొట్టు దగ్గరా, కాటా దగ్గరా, లారీ ఎక్కించేటప్పుడూ "ఏరా తొందరా!" అనడమే. బరువులు మోసేవాళ్లకు నవ్వుకోవడానికి ఏదో ఒకటి కావాలి, తప్పు పట్టను. ఈయనే ఆ మాటను మనసులో పెట్టుకున్నాడు.

ఆ ఏడు దసరాకి ఇంకా రెండు నెలలుందనగా ధర పంతొమ్మిది పలికింది. సరిగ్గా బయానాకు సరిపోతుంది. సైదాబీ అన్నం పెడుతూ అడగడం గోడ ఇవతలికి వినపడింది.

"ఏవయ్యా, రేపు అమ్మేయరాదూ?"

"ఇరవై కానీ సైదా. ఇంకో వెయ్యేగా."

"మనకిప్పుడే సరిపోతుందిగా."

"సరిపోతుందిలే. మళ్లీ తొందరపడ్డాడంటారు వాళ్లు."

"అంటే అననీ. ఊపిరాడంది నాకా, వాళ్లకా?"

మర్నాడు నేనే ఆపి అడిగాను, "ఏం మాబూ, వెయ్యి కోసం ఇల్లు పోగొట్టుకుంటావా?" అని. "దసరా దాకా టైముందిగా అక్కా" అని నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఒళ్లు మండింది.

ఆ వెయ్యి రాలేదు. ధర కొన్నాళ్లు కదలకుండా ఉండి, తర్వాత జారడం మొదలుపెట్టింది. పంతొమ్మిదికి అమ్మనివాడు పద్దెనిమిదికి అమ్మితే ఇంకా నవ్వుతారని ఆగాడు. పదహారైతే, పెరగకపోతుందా అని ఆగాడు. ఎగుమతులు లేవన్నారు, కొనేవాళ్లు లేరన్నారు. దసరా వచ్చింది. శేషాచలం గారు దీపావళి దాకా కూడా ఆగారు. ఆ తర్వాత ఫోన్ చేసి, "ఏమీ అనుకోకండి మాబు సాహెబ్ గారూ, అద్దంకి వాళ్లెవరో మొత్తం డబ్బు పట్టుకొచ్చారు" అన్నారు. ఆయన్ని ఏమంటాం?

కొత్త కాయ యార్డుకి వచ్చేసరికి ధర పదకొండు. పాత కాయ రంగు తగ్గిందని తొమ్మిదే ఇస్తామన్నారు. కోల్డ్ స్టోరేజీ వాళ్లు కిరాయి కట్టి సరుకు తీసుకుపొమ్మన్నారు. చివరికి ఆ తొమ్మిదికే ఇచ్చేశాడు. ఆ రోజు లోడు ఎత్తే వంతు ఎలీషా ముఠాకే పడింది. "నువ్వు కూర్చో మాబూ, మేం ఎక్కిస్తాంలే" అన్నాడట ఎలీషా. తొందరా అనలేదట. ఈయన వినలేదు. తన బస్తాలు తన వీపు మీదే మోసి లారీకెక్కించి, అందరితో సమానంగా ఆ పూట కూలి తీసుకుని ఇంటికొచ్చాడు. కాయ డబ్బు సైదాబీ ఆసుపత్రికీ, ఇంకో అద్దింటి అడ్వాన్సుకీ పోయింది. ఎందుకంటే ఆ నెలలోనే మా ఓనరు వాళ్లను ఖాళీ చేయమన్నాడు.

ఇప్పుడుండేది ఒంటిగది రేకుల ఇల్లు. బయట స్నానానికి చోటు లేదు. సీజనులో ఆయన యార్డులోనే పడుకుంటాడు. అన్నానికి వచ్చినా లోపలికి రాడు, గడప బయట చెప్పుల పక్కన కూర్చుంటాడు. ఆమె కంచం గడప మీద పెట్టి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గోడదాకా జరుగుతుంది. ఆయన తిని, కంచం కడిగి అక్కడే పెట్టి వెళ్లిపోతాడు. మొగుడూ పెళ్లాం అలా బతుకుతున్నారు. మొదటిసారి చూసినప్పుడు నాకు ఏడుపు ఆగలేదు.

మొన్న వెళ్తే ఆయన బయట తింటున్నాడు. లోపల సైదాబీ మాట మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటోంది.

"అక్కా, జాకెట్లు ఇవ్వడానికి నల్లపాడు వైపు పోతుంటావుగా. ఆ ఇల్లు కనపడుతుందా?"

"కనపడుతుంది."

"ఆ గేటు పక్కన బాత్రూం... వాడుకుంటున్నారా వాళ్లు?"

కొన్నవాళ్లు ముందు పగలగొట్టింది దాన్నే. కారు పెట్టుకోవడానికి చోటు కావాలట. ఆ ఇటుకలు ఇంకా వీధిలోనే పడి ఉన్నాయి.

"వాడుకుంటున్నారు" అన్నాను.

గడప అవతల మాబు సాహెబ్ తల ఎత్తలేదు. ఆయనా వెళ్లి చూసొచ్చినట్టున్నాడు. కలిపిన ముద్ద చేతిలో అలాగే ఉండిపోయింది.