వంగితే తెలిసే పొడవు

మంగళవారం పొద్దున్నే మా షాపు యజమాని ఫోన్ చేసి, "సాయిబుగారు పోయారయ్యా. మధ్యాహ్నం నమాజు తర్వాత తీసుకెళ్తారట," అన్నారు. చిలకలూరిపేటలో ఒక చిన్న బంగారు షాపులో నేను లెక్కలు రాస్తాను. అక్కడ మగవాళ్ల గొలుసులు చూపించే పని సాయిబుగారిది. నిజం చెప్పాలంటే, ఫోన్ పెట్టేశాక నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, భయం. రేపు ఎవరో ఒకరు వచ్చి అద్దం ముందు నిలబడి, "నాకు ఇరవై అంగుళాలు బాగుంటుందా, ఇరవై నాలుగా?" అని అడుగుతారు. ఇన్నాళ్లూ ఆ ప్రశ్నకి జవాబు నా పక్క కుర్చీలో ఉండేది.

గొలుసు కొలతంటే అంగుళాలే కదా అనుకుంటాం. ఆయన అంగుళాల దాకా రావడానికి చాలాసేపు పట్టేది. జేబులోంచి తెల్ల దారం తీసి మెడ చుట్టూ వేసేవారు. మెడ చుట్టుకొలతకి నాలుగంగుళాలు కలిపితే గొలుసు మెడ కింద ఎముకల మీద కూర్చుంటుందనీ, ఆరు కలిపితే చొక్కా రెండో గుండీ దగ్గరికి దిగుతుందనీ చెప్పేవారు. ఆ తర్వాత, "ఏం పని చేస్తారు బాబూ?" అని అడిగేవారు. చివరికి, "చెప్పు జారిపోయిందనుకుని ఒకసారి వంగండి," అనేవారు. వచ్చినవాళ్లు నవ్వుకుంటూ వంగేవారు.

"నిలబడితే ప్రతి గొలుసూ బాగానే ఉంటుందయ్యా. వంగితేనే దాని బుద్ధి బయటపడుతుంది," అని నాతో అనేవారు.

ఒకసారి మిరపకాయల వ్యాపారి ఒకాయన వచ్చారు, మనిషి బాగా భారీ. "ఇరవై నాలుగు ఇవ్వండి. నలుగురికీ కనపడాలి," అన్నారు. సాయిబుగారు ఆయన్ని అద్దం ముందు పక్కకి తిప్పి నిలబెట్టి, "కనపడుద్దండీ. ముందు మీ పొట్ట వస్తుంది, దాని మీద గొలుసు వస్తుంది, ఆనక మీరొస్తారు. ఇరవై రెండు దగ్గర ఆపుదామా?" అన్నారు. వ్యాపారి పగలబడి నవ్వి ఇరవై రెండే తీసుకున్నారు. గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే ఒకాయనకైతే అసలు అమ్మనే లేదు. "బస్తాకీ వెన్నుకీ మధ్య గొలుసు కత్తవుద్ది నాన్నా. ఉంగరం చూసుకో," అన్నారు. యజమాని విసుక్కున్నా పట్టించుకోలేదు.

ఇదంతా రోజూ చూస్తూ కూడా నేను తప్పు చేశాను.

అది శుక్రవారం. సాయిబుగారు నమాజుకి వెళ్లారు. బళ్లో టీచరుగా చేసే ఒకావిడ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. తమ్ముడికి సిలువ ఉన్న గొలుసు కావాలి, సిలువ చొక్కా బయటికి కనపడాలి అంది. ఇరవై నాలుగంగుళాలది, తాడు అల్లికది తీసిచ్చాను. అతను అద్దంలో చూసుకుని, తీయకుండానే, "డ్యూటీకి టైమవుద్దక్కా," అంటూ వెళ్లిపోయాడు.

సాయిబుగారు వచ్చాక చెప్పాను, సంతోషిస్తారనుకుని.

"ఏం పని చేస్తాడంట?"

"అడగలేదండీ."

"వంగమన్నావా?"

"మర్చిపోయానండీ."

"మనిషి ఎట్టా ఉన్నాడు? చేతులు చూశావా?"

చేతులు చూడలేదు. మొహం గుర్తు తెచ్చుకున్నాను. "కనుబొమల మీద దూది ఉందండీ," అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాకే నాకూ అర్థమైంది. అతను పత్తిలోంచి గింజలు వేరుచేసే జిన్నింగు మిల్లులో పనిచేస్తాడు. ఆడే మిషను మీదికి వంగే పని. సాయిబుగారు విప్పిన చెప్పులు మళ్లీ వేసుకుని, "బండి తియ్యి," అన్నారు.

బిల్లు మీద ఉన్నది అక్క నంబరు. మోగుతోంది, ఎత్తడంలేదు. ఏ మిల్లో తెలియదు. హైవే వెంట ఒక్కోటీ అడుక్కుంటూ వెళ్లాం. దారిలో వెనకనుంచి ఆయన ఒక్కటే అడిగారు. "అల్లిక ఏది ఇచ్చావు?"

"తాడు అల్లికండీ."

"తెగదది," అన్నారు. ఎప్పుడూ మెచ్చుకుంటూ చెప్పే మాటే. ఆ రోజు, మిషన్లో చిక్కినా తెగదని అర్థమై బండి వేగం పెంచాను.

మొదటి మిల్లు వాచ్‌మన్, "కొన్నోళ్లు షాపు చుట్టూ తిరగటం చూశాంగానీ, అమ్మినోళ్లు మిల్లుల చుట్టూ తిరగటం ఇదే చూట్టం," అని ఎగతాళి చేశాడు. రెండో మిల్లులో అలాంటి మనిషి లేడన్నారు. మూడో మిల్లులో ఉన్నాడు.

మిషన్ల రొదలో ఏమీ వినపడదు. అతను ఆడుతున్న మిషను మీదికి వంగి, ఇరుక్కున్న పత్తి లాగుతున్నాడు. సిలువ చొక్కాలోంచి బయటికి జారి, తిరిగే బెల్టుకి జానెడు దూరంలో ఊగుతోంది. నేను కేకపెట్టబోతే సాయిబుగారు నా మణికట్టు పట్టుకుని చెవిలో అన్నారు, "పిలవమాక. ఉలిక్కిపడి తల తిప్పుతాడు." మిషన్లు చూసుకునే మేస్త్రీ దగ్గరికి నడిచి వెళ్లి ఆపమని చేత్తో సైగ చేశారు. పరిగెత్తలేదు. ఆ పది అడుగులూ ఆయన ఎలా నడిచారో నాకు తెలియదు. మిషను ఆగింది.

"ఎవరండీ? నా మిషను ఎందుకు ఆపించారు?" అంటూ అతను లేచి, నన్ను గుర్తుపట్టి తెల్లబోయాడు.

"గొలుసు కొలత తప్పిచ్చాం బాబూ. తప్పు మాది. అది తీసివ్వు, పొట్టిది ఇస్తాం," అన్నారు సాయిబుగారు. మాది అన్నారు. నా వైపు చూడనైనా లేదు.

మిల్లు బయటికి వచ్చాక మోగింది ఫోన్, అక్క. విషయం చెప్పి, ఇరవై అంగుళాలది ఇస్తామంటే ఆవిడకి కోపమొచ్చింది. "ఇరవై అంటే చొక్కా లోపలికి పోద్దండీ. సిలువ కనపడదు. కనపడాలనే గదా కొన్నది!"

"తమ్ముడు కనపడతాడమ్మా," అన్నారు సాయిబుగారు.

ఆవిడ గొంతు తగ్గించి, "ఇరవయ్యే ఇవ్వండి," అంది.

తిరిగి వచ్చేటప్పుడు తిట్లకోసం ఎదురుచూశాను. ఈ మలుపు దగ్గర అంటారు, ఆ లారీ దాటాక అంటారు అనుకుంటూ బండి నడిపాను. ఆయన చెయ్యి ఒకటి నా భుజం మీద ఉంది. బండి అద్దంలోకి చూశాను. దారిలో ఒక మిల్లు గేటు దగ్గర షిఫ్టు మారి జనం బయటికొస్తున్నారు. ఆయన తల అటు తిప్పి, ఒక్కొక్క మెడే చూస్తూ కూర్చున్నారు. బిగించిన రెండో గుప్పిట్లోంచి ఆ గొలుసు కొస జారి గాలికి ఊగుతోంది.