కాసులమ్మ ఒప్పుకోని చావు

రాజయ్యపేటలో కాసులమ్మ నోటికి జడవనివాళ్లు లేరు. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఆమె నక్కపల్లి సంతలో అడుగుపెడితే, గీచిగీచి బేరమాడే పెద్దమనుషులు కూడా కాస్త సర్దుకుని నిలబడతారు. అలాంటి మనిషికి, నీ మొగుడు పోయాడమ్మా అని చెప్పడానికి ఊరు ఊరంతా కలిసి రావలసి వచ్చింది. ఒక్కడికీ ఒంటరిగా వచ్చే ధైర్యం లేదు మరి.

ఆమె మొగుడు చిన్నబాబు బోటు ఇంజన్ల మెకానిక్కు. థాయ్‌లాండ్‌లో పని దొరికితే వెళ్లాడు. అక్కడ అతనితో ఒకే గదిలో ఉన్న కుర్రాడిది సరిహద్దు నదికి అవతలి ఒడ్డున, బర్మాలో ఒక పల్లె. ఆ పల్లె మీద వాళ్ల సైన్యమే విమానాలతో బాంబులు వేసింది. సైన్యంతో పోరాడే దళంలో చేరడానికి కుర్రాడు నది దాటితే, వెనకే చిన్నబాబూ దాటాడు. ముందు వాళ్ల పడవల ఇంజన్లు బాగుచేశాడు. తర్వాత తుపాకీ పట్టాడు.

ఏజెంటు మోసం చేసి యుద్ధంలోకి తోసేశాడని ఊళ్లో చెప్పుకుంటారు. అలా చెప్పుకుంటే సుఖం. అయ్యో పాపం అనేసి అన్నానికి కూర్చోవచ్చు. ఆ మాట వింటే కాసులమ్మకి ఒళ్లు మండిపోతుంది. చిన్నబాబు ఆమెకి ఫోన్ చేసి మరీ చెప్పాడు.

"నన్నెవుడూ మోసం సెయ్యలేదే. ఆళ్ల పిల్లల్ని మట్టిలోంచి ఈ సేతుల్తోనే తీసేను. ఇంక పానా పట్టుకుని కూకోలేను."

ఆ రోజు ఆమె తిట్టని తిట్టు లేదు. మనది కాని గొడవలో నీకేటి పని అంది. అతను ఎదురు చెప్పలేదు, ఫోనూ పెట్టెయ్యలేదు. అన్నీ విన్నాడు.

తర్వాత కొన్నాళ్లకి ఫోన్లు ఆగిపోయాయి. థాయ్‌లాండ్‌లో అతనితో పనిచేసిన మాకవరపాలెం మనిషొకడు సెలవుకి వచ్చి, చిన్నబాబు ఉన్న శిబిరం కాలిపోయిందట, ఎవరూ మిగల్లేదట అన్నాడు. అన్నీ 'అట'లే. ఊరికి అవే సరిపోయాయి.

సముద్రం మీద చేపల వేటకి వెళ్లి తిరిగిరానివాళ్లకి ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. గడ్డితో మనిషిని కట్టి, పోయినవాడు తొడిగిన బట్ట దానికి చుట్టి, ఒడ్డున ఇసకలో పాతిపెడతారు. ఆ బట్ట పెళ్లామే తన చేత్తో ఇవ్వాలి. ఇచ్చిందంటే చావుని ఒప్పుకున్నట్టు. ఆ తర్వాత ఆమె గాజులు, బొట్టు తీసేస్తారు.

అది జరిపించాలని ఎక్కువ పట్టుబట్టింది అత్త తలుపులమ్మే. కర్మ జరగక కొడుకు ఆత్మ పరాయిదేశంలో కూడూ నీళ్లూ లేకుండా తిరుగుతోందని ఆమె దిగులు. ఆ ఏడుపు చూడలేక కాసులమ్మా ఏడ్చింది. లొంగలేదు.

గడ్డిమనిషిని తెచ్చి అరుగు మీద పడుకోబెట్టారు. కులపెద్ద నానాజీ గుమ్మం దగ్గర నిలబడి, "ఆడి గుడ్డోటి ఇయ్యమ్మా" అన్నాడు.

కాసులమ్మ బయటికి వచ్చింది. చీర మీద చిన్నబాబు గళ్లచొక్కా తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని ఉంది. నుదుట రూపాయి బిళ్లంత బొట్టు. మిగతా బట్టలన్నీ ముందే మూటగట్టి ఎవరికీ దొరక్కుండా దాచేసింది.

"ఇంట్లో ఉన్న ఆడి గుడ్డ ఇదొక్కటే మావా. కావాలంటే నా ఒంటిమీంచి ఇప్పుకో."

నానాజీ తల తిప్పుకున్నాడు.

"ఏటకెల్లినోళ్లని సముద్రం లాక్కుపోయింది. ఆళ్లనడగలేదు. ఈడు తన కాళ్లతో యెల్లేడు, నాతో సెప్పి మరీ యెల్లేడు. ఇద్దరికీ ఒకే గడ్డి కడతారేటి?"

గుంపులో ఎవరో, పాపం మతి చలించింది అన్నారు.

"మతి బాగానే ఉంది. కోపం. ఆడిమీద నాకింకా కోపం తీరలేదు. సచ్చినోళ్లమీద కోపం పెట్టుకోకూడదంటారు కదా. అందుకే ఆడి సావు నేనొప్పుకోను."

తలుపులమ్మ లేచి వచ్చి చొక్కా చెయ్యి పట్టుకుంది. లాగేస్తుందనుకున్నారు అందరూ. ఆమె లాగలేదు.

"ఆడు వత్తాడంటావేటే?"

కాసులమ్మ అత్త చేతి మీద చెయ్యి వేసింది.

"తెలీదత్తా. రాపోతే రాపోనీ. పరాయోళ్ల పిల్లల కోసం నిలబడ్డోడు ఆడు. సచ్చేడన్న మాట మాత్రం నా నోట రాదు."

ముసలామె చొక్కా వదిలి, అరుగు దగ్గర చతికిలబడి, గడ్డిమనిషికి బిగించిన తాళ్లు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది.