టీచరుగారికి ఇచ్చిన కుండీ

సింగపూర్‌లోని ఆంగ్ మో కియోలో మాకు జపాన్ పద్ధతిలో పూలు అమర్చడం నేర్పే టీచరుగారు మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఆస్పత్రిలో ఉన్నారు. చూడ్డానికి నేనూ నా స్నేహితురాలూ కలిసే వెళ్ళాం. తను ఒసాకాలో ఎనిమిదేళ్ళు కాపురం చేసొచ్చింది; అక్కడి మర్యాదలన్నీ తనకి కొట్టినపిండి. కోసిన పూలు రెండు రోజుల్లో వాడిపోతాయని నేను కుండీలో ఉన్న మొక్క కొన్నాను. "భలే ఉందే," అంది తను. తను మాత్రం పూలగుత్తి కట్టించుకుంది. టీచరుగారు నా కుండీని రెండు చేతులా అందుకుని, తల వంచి నవ్వారు.

మళ్ళీ క్లాసులు మొదలయ్యాక, కొత్తగా చేరినవాళ్ళకి ఆవిడ ఒక మాట చెప్పారు. జబ్బుపడ్డవాళ్ళకి కుండీలో మొక్క ఇవ్వకూడదట. జబ్బు కూడా అలాగే వేళ్ళూనుకుంటుందని జపాన్‌లో నమ్మకమట. ఆవిడ నా వైపు చూడనైనా చూడలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

బయటికి రాగానే స్నేహితురాలిని నిలదీశాను. "నీకు ముందే తెలుసా?"

"తెలుసే. నువ్వంత ముచ్చటపడి కొంటుంటే ఎలా చెప్పను? జపాన్‌లో ఎవరినీ మొహం మీద కాదనరు."

నా పప్పుచారులో ఉప్పు తక్కువైన ప్రతిసారీ, పదిమందిలో నా మొహం మీదే చెప్పింది ఈ మనిషే.