పాప మూర్ఛకు పట్నం వైద్యం

హైదరాబాదు వెళ్లే ప్యాసింజరు తాండూరుకు పొద్దున ఆరున్నరకు వస్తుందని స్టేషన్ పలక మీద రాసి ఉంటుంది. ఏడింటికి ముందు దాన్ని చూసినవాడు నాకు తెలిసి లేడు. ఆ రోజు ఏడుంబావుకు వచ్చింది. నేను, నా భార్య కమల, పదకొండు నెలల మా పాప సుజాత మూడో తరగతి పెట్టెలో ఎక్కాం. చంటిపిల్లలతో వెళ్లేవారు ఇంజనుకు దూరంగా కూర్చోండి. బొగ్గు నలుసులు కళ్లలో పడతాయి.

పాపకు ఆరో నెలలో మొదలైంది. నిద్ర లేవగానే తల వంచి, చేతులు ముందుకు చాచి, వెంటవెంటనే పది పన్నెండు సార్లు వంగేది. మా ఇంటి యజమానురాలు ఖాదర్‌బీ చూసి మురిసిపోయింది. "మాస్టర్ సాబ్, జర చూడుండ్రి, పాప అందరికీ సలాం చేస్తున్నది" అంది. ఇక చెప్పాలా! పొద్దున్నే వాడకట్టంతా వచ్చి, వంగి తిరిగి సలాం చేసి పోయేవారు. నేను బడిలో గొప్పలు కూడా చెప్పుకున్నాను. ఊరి పిల్లలకు బుద్ధులు చెప్పేవాడికి సొంత బిడ్డ జబ్బు తెలియలేదు. అలా మూడు నెలలు గడిచాయి. ఈలోగా పాప నవ్వడం మానేసింది, మెడ నిలపడం మరిచిపోయింది. మీ ఇంట్లో పసిబిడ్డ ఇలా వంగితే ముచ్చటపడకండి, ఆ రోజే బండి ఎక్కండి. ఇదంతా రాస్తున్నది అందుకే.

అప్పుడు పట్నం తీసుకెళ్తే, అక్కడి డాక్టరమ్మ చూసి అది మూర్ఛేనని చెప్పింది. ఒంట్లో స్టెరాయిడ్ పుట్టించే సూదిమందు అప్పుడప్పుడే వచ్చిందట. సోడా దుకాణం నుంచి ఐసు తెచ్చి, సీసాలను థర్మాసు ఫ్లాస్కులో దాచి, ఆరు వారాలు రోజూ కాంపౌండరు చేత తొడకు వేయించాం. ఫలితం చూపించడానికే ఈ ప్రయాణం.

వికారాబాదులో ఇంజను నీళ్లు పట్టుకోవడానికి అరగంట ఆగింది. అక్కడ ఇడ్లీ వేడిగా దొరుకుతుంది, టీ మాత్రం తాగకండి. బీదరు బండి దిగి వచ్చిన ఒక ముసలాయన మా ఎదుట కూర్చుని పాప బుగ్గలు పుణికాడు. మందుకు ముఖం ఉబ్బి గుండ్రంగా తయారైంది మరి.

"పిల్ల మస్తు బలంగున్నది. ఏం పెడుతున్నవమ్మా?" అని అడిగాడు.

"సూదులు" అంది కమల. ఆయనకు అర్థం కాలేదు.

పదిన్నరకు నాంపల్లి చేరాం. రిక్షాలో ఆసుపత్రికి వెళ్లి, వరుసలో ఒంటిగంట దాకా కూర్చున్నాం. డాక్టరమ్మ వంగడం ఆగిందా అని అడిగింది. పన్నెండు రోజులుగా ఒక్కసారీ లేదని ఉత్సాహంగా చెప్పాను. ఆమె పాప చెవి దగ్గర తాళంచెవులు ఆడించింది, కళ్ల ముందు టార్చిలైటు కదిలించింది. పాప అటూ ఇటూ చూడలేదు.

"మూర్ఛలు ఆగాయి మాస్టారూ. మందు మెల్లగా తగ్గిద్దాం" అంది. తాళంచెవులు బల్ల మీద పెట్టి, "కాని ఆలస్యమైంది. మొదటి వారంలో తెచ్చి ఉంటే ఎక్కువ ఆశ ఉండేది. పోయినదాంట్లో ఎంత తిరిగి వస్తుందో నేను చెప్పలేను" అంది.

"మూడు నెలలు నవ్వుకుంట చూసినం డాక్టరమ్మా" అంది కమల. డాక్టరమ్మ తల దించుకుని చీటీ రాసింది.

మూడున్నర బండికి తిరుగుప్రయాణం. కట్టుకున్న జొన్నరొట్టెలు ఎవరం ముట్టలేదు. నాకైతే ఆ పట్టాల మీదే దిగిపోదామనిపించింది. వికారాబాదులో గొంగడి కప్పుకున్న ఒక కురుమ పెద్దావిడ సీతాఫలాల గంపతో ఎక్కింది. తాండూరులో దిగి పెద్దేముల్ పోతుందట.

"నీ చేతులు గుంజుతున్నట్టున్నయి, ఇటు తే బిడ్డా" అంటూ పాపను ఒళ్లోకి తీసుకుంది. ఇంజను కూత పెట్టింది, పెట్టె కుదిపింది. పాప కదలలేదు.

"కొత్తదాన్ని ఎత్తుకున్నా ఏడుస్తలేదు. నా మనుమరాలైతే తల్లి కనబడకుంటే ఊరంత లేపుతది. గిసొంటి పిల్ల దొరుకుడు నీ అదృష్టం" అంది.

కమల కిటికీ వైపు తిరిగింది. "నా కోసం ఒక్కసారి ఏడిస్తే సాలు పెద్దమ్మా" అంది.

బండి తాండూరుకు వేళకే చేరింది. దిగేటప్పుడు పెద్దావిడ పాపను నాకు అందించింది. ఆమె చేతుల్లో ఎలా ఉందో, నా చేతుల్లోనూ అలాగే ఉంది.